కాలువ అవతలి గట్టును సైకిళ్లకు ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

కాలువల క్లోజర్ పనులకు, అంటే వేసవిలో నీళ్లు ఆపి చేసే మరమ్మతులకు, ప్రతిపాదనలు తయారవుతున్నాయని జిల్లా పేజీలో చదివాను. ఎక్కడ పూడిక తీయాలి, ఏ లాకు తలుపులు బాగుచేయాలి, గట్టు కోసుకుపోకుండా ఎక్కడ రివిట్‌మెంట్ కట్టాలి అన్న వివరాలన్నీ అందులో ఉన్నాయి. గట్టు మీద రోజూ సైకిల్ తొక్కుకుంటూ పనికి పోయేవాళ్ల ఊసు మాత్రం లేదు. ఏటా ఇంతే. దాళ్వా, అంటే రెండో పంట వరి చేలు పండి కాలువలకు నీళ్లు కట్టేశాక, జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలేదాకా దొరికేది నెలన్నర. గట్టుకు ఏం చేసినా ఆ నెలన్నరలోనే చేయాలి. అది దాటితే మళ్లీ ఏడాది. అందుకని ముందే రాస్తున్నాను.

నేను రావులపాలెం అరటి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాను. మా ఊరు ఆత్రేయపురం మండలంలో, కాలువ పక్కనే. యార్డులో పని పెందలాడే మొదలవుతుంది కాబట్టి చీకటితోనే బయల్దేరతాను. నాది ఇరవైఎనిమిది అంగుళాల చక్రాల పెద్ద సైకిల్. రాడ్ బ్రేకులు, వెనక బలమైన క్యారియర్. ఇంట్లో మోటార్ సైకిల్ కూడా ఉంది, దాన్ని మా అబ్బాయి పనికి తీసుకెళ్తాడు. అది ఖాళీగా ఉన్న రోజున కూడా నేను సైకిలే తీస్తాను. పెట్రోలు ఖర్చు లేదు, ఒంటికి మంచిది, దారిలో నలుగురితో మాట్లాడుకుంటూ పోవచ్చు.

మా ప్రాంతం తెలియనివారికి ఒక మాట చెప్పాలి. మా పెద్ద కాలువలకు రెండు గట్లుంటాయి. ఒక గట్టు మీద తారు రోడ్డు. బస్సులు, ఇసుక లారీలు, కార్లు, ఆటోలు అన్నీ దాని మీదే. రెండోది మట్టి గట్టు. ఇవతల వాళ్లు దాన్ని అవతలి గట్టు అంటారు. అటు కొబ్బరి చెట్లు, అరటి తోటలు, మధ్యమధ్య రేవులు, పొలాలకు నీళ్లు పోయే తూములు. తారు రోడ్డు మీద బండ్లవాళ్లు మాకు దారి ఇవ్వరు, ఇవ్వడానికి అక్కడ చోటూ లేదు. వెనక నుంచి లారీ హారన్ కొడితే తారు దిగాలి. తారుకీ మట్టికీ మధ్య జానెడు ఎత్తు తేడా ఉంటుంది. చీకట్లో ఆ అంచు మీద చక్రం జారితే ఒక పక్క కాలువ, ఇంకో పక్క లారీ. జాతీయ రహదారి సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే మాలాంటివాళ్లం అవతలి గట్టు పట్టుకుంటాం. దూరం కాస్త ఎక్కువైనా ప్రాణానికి భయం లేని దారి అది.

ఆ దారిన ఎవరు పోతారో అధికారులకు తెలిసినట్టు లేదు. తెల్లవారుజామున గెలల సైకిళ్లు పోతాయి. క్యారియర్ మీద అడ్డకర్ర కట్టి, రెండు వైపులా గెలలు వేలాడదీసి, హ్యాండిల్‌కీ రెండు తగిలించి, రైతు పక్కన నడుస్తూ తోసుకొస్తాడు. చక్కెరకేళి, కర్పూరం, కూర అరటి, కాలాన్ని బట్టి ఏదో ఒకటి. సొంత ఆటో కట్టేంత గెలలు లేని చిన్న రైతుకూ కౌలు రైతుకూ సైకిలే బండి. వాళ్ల వెనక పాల క్యాన్లవాళ్లు. ఆ తరవాత కొబ్బరి దింపు కార్మికులు, వలుపు కార్మికులు, తాపీ పనివాళ్లు, పూతరేకుల పనికి పోయే ఆడవాళ్లు. పొద్దెక్కాక హైస్కూలు పిల్లలు వస్తారు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు బడికొస్తా పథకంలో ప్రభుత్వమే ఒకప్పుడు సైకిళ్లిచ్చింది. మా వైపు ఆ సైకిళ్లు ఇంకా తిరుగుతున్నాయి, అక్క తొక్కినదాన్ని ఇప్పుడు చెల్లెలు తొక్కుతోంది. సైకిల్ ఇచ్చిన ప్రభుత్వం అది నడిచే దారి కూడా చూడాలి కదా అని నా బాధ.

ఈ గట్టు మీద మనుషుల నడక మొదటినుంచీ ఉన్నదే. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ తరవాత తవ్విన పెద్ద కాలువలు పొలాలకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. లొల్ల దగ్గరున్న లాకుల్లాంటివి పడవల్ని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దించడానికీ ఎక్కించడానికీ కట్టినవే. గాలి లేనప్పుడు, ఎదురు ప్రవాహం ఉన్నప్పుడు మనుషులు భుజానికి తాడు వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవను లాగేవారు. మా తాతగారు ధాన్యం పడవల మీద పనిచేశారు. గట్టు చదునుగా లేకపోతే తాడు లాగేవాడి కాలు మడతపడుతుందని, అందుకే ఆ రోజుల్లో గట్టు మీద గడ్డి కూడా పెరగనిచ్చేవారు కాదని చెప్పేవారు. పడవలు పోయాయి. గట్టు మీద మనుషులు మాత్రం పోలేదు, వాళ్ల చేతిలో తాడు బదులు సైకిల్ హ్యాండిల్ వచ్చింది.

ఇక అసలు ఇబ్బందులు చెబుతాను. ఇవి ఎవరో చెప్పగా విన్నవి కావు.

మొదటిది ముళ్లు. క్లోజర్ సమయంలో గట్ల మీద జంగిల్ క్లియరెన్స్ చేస్తారు. మంచి పనే, తుమ్మ కంప పెరిగితే దారి మూసుకుపోతుంది, పాములు చేరతాయి. కానీ కొట్టిన కంపను ఎత్తరు. గట్టు మీదే పడేసి పోతారు, లేదా మిషన్‌తో తొక్కించేస్తారు. పది రోజులకు ఆకు రాలిపోయి ముల్లు మాత్రం మట్టిలో కలిసిపోతుంది. పచ్చిగా ఉన్న కంప కంటికి కనిపిస్తుంది, తప్పుకుని పోవచ్చు. ఎండినది కనిపించదు. పోయిన ఏడాది క్లోజర్ అయ్యాక ఒక పొద్దున ఒకే చోట అరడజను సైకిళ్లు నిలబడిపోయాయి. రెండు గెలల సైకిళ్లు, ఒక పాల సైకిల్, ఇద్దరు ఆడపిల్లలవి, నాది. నా దగ్గర ఎప్పుడూ చిన్న పంపు, సొల్యూషన్ ట్యూబు, గరుకు కాగితం, పాత ట్యూబు ముక్కలు ఉంటాయి. చంటిపిల్లల తల్లి సంచీలా ఆ సంచీ వదిలి బయటకు వెళ్లను.

చీకట్లో పంచర్ వేయడం ఎలాగో రాస్తాను, కొత్తగా సైకిల్ పట్టిన పిల్లలకైనా పనికొస్తుంది. టైరు ఒక పక్క విప్పి ట్యూబు బయటికి లాగి గాలి కొట్టాలి. దాన్ని చెంప దగ్గర పెట్టుకుని నెమ్మదిగా తిప్పితే గాలి తగిలిన చోట చిల్లు ఉన్నట్టు. అనుమానంగా ఉంటే కాలువ నీళ్లలో ముంచితే బుడగలొస్తాయి. చాలామంది అక్కడికక్కడ అతుకు వేసి టైరు ఎక్కించేస్తారు. అది చాలదు. ముల్లు మొన టైరు లోపల విరిగి ఉండిపోతుంది, అది మళ్లీ పొడుస్తుంది. గుడ్డ ముక్క టైరు లోపల చుట్టూ రుద్దాలి, గుడ్డ పట్టిన చోట ముల్లు ఉంటుంది. వేలితో వెతికితే వేలు చిరుగుతుంది. ఆ రోజు అందరివీ వేసేసరికి తెల్లగా తెల్లారింది. గెలల రైతులు వేలం పాట అయిపోయాక యార్డుకు చేరారు. పొద్దున పాటలో పలికే రేటు ఆలస్యంగా వచ్చిన గెలకు పలకదు. ఆడపిల్లల్లో ఒకమ్మాయికి ఆ రోజు పరీక్ష. నా సైకిల్ మొదట బాగుచేసి ఆ పిల్లకిచ్చి పంపాను. పెద్ద సైకిల్, కాళ్లు అందవు, అయినా బారు కింద నుంచి కాలు పెట్టి తొక్కుకుంటూ వెళ్లిపోయింది.

కొట్టిన కంపను గట్టు దించి ఒక పక్క కుప్ప వేసి కాల్చడానికి ఎంత ఖర్చవుతుంది? పొయ్యిలోకి ఇవ్వండి అని అడిగితే ఊరివాళ్లే మోసుకుపోతారు. కొట్టిన రోజునే చెప్పాలి, అంతే.

రెండోది పూడిక మట్టి. కాలువలో తీసిన పూడికను మిషన్ తిరిగి గట్టు మీదే పోస్తుంది. మే నెల ఎండకు అది పగిలి గడ్డలు కడుతుంది, సైకిల్ మీద కూర్చుంటే నడుం విరుగుతుంది. తొలకరి పడగానే అదంతా జిగురు. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఇరుక్కుని చక్రం తిరగడం ఆగిపోతుంది. నాలుగు అడుగులు తోయడం, ఆగి పుల్లతో బురద తీయడం, మళ్లీ నాలుగు అడుగులు. జులైలో మా వైపు సైకిళ్లకు ముందు మడ్‌గార్డు కనిపించదు, అందరూ ఊడదీసి ఇంట్లో పెట్టేస్తారు. బురద మొహాన పడినా సరే, చక్రం తిరిగితే చాలని. నేను ఆ నెలల్లో ఒక్కోసారి సైకిల్‌ను భుజాన వేసుకుని మోశాను. గెలలున్న సైకిల్‌ను భుజాన వేసుకోలేరు కదా. వాళ్లు గెలలు దించి, సైకిల్ దాటించి, ఒక్కో గెలా మోసుకొచ్చి మళ్లీ కడతారు. గెల గెలకూ తాడు విప్పడం, కట్టడం. దెబ్బ తగిలిన కాయ సాయంత్రానికి నల్లబడుతుంది.

దీనికీ పెద్ద మందేమీ అక్కర్లేదు. పూడికను గట్టు అంతా పరచకుండా పొలం వైపు అంచుకు సర్ది, కాలువ వైపు బారెడు వెడల్పు వదిలి, దాని మీద మెట్ట ప్రాంతం నుంచి తెచ్చే ఎర్ర గ్రావెల్ ఒక పొర పోసి తొక్కిస్తే చాలు. బారెడు అంటే రెండు సైకిళ్లు ఎదురైనా తప్పుకునేంత. గ్రావెల్ నీళ్లను పట్టి ఉంచదు, జిగురు రాదు. మా ఊరి రేవు దగ్గర పెళ్లివాళ్లెవరో టెంటు వేయడానికి కొంచెం గ్రావెల్ పోయించారు. వానలు పడ్డా ఆ ముక్క మీద ఈ రోజుకూ సైకిల్ హాయిగా నడుస్తుంది.

మూడోది చెప్పడానికి మనసు రావడం లేదు గానీ చెప్పాలి. తూముల మీద పిట్టగోడలు లేవు. కొన్నిచోట్ల ఎప్పుడో కట్టినవి కూలిపోయాయి, కొన్నిచోట్ల ట్రాక్టర్ తిరగడానికి అడ్డమని పడగొట్టారు. తూము దగ్గర గట్టు సన్నబడుతుంది. సంక్రాంతి ముందు మంచు ఎలా ఉంటుందో గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేదు, ముందు చక్రం కూడా కనిపించదు. పండగ రేటు కోసం అప్పుడే గెలలు ఎక్కువ వస్తాయి. అలాంటి ఒక తెల్లవారుజామున నా ముందు పోతున్న రైతు సైకిల్ తూము అంచు దాటి కాలువలోకి జారింది. ఆయన హ్యాండిల్ వదల్లేదు. బరువు సైకిల్ ఆయన్ని కూడా లాక్కుపోయింది. దాళ్వా నీళ్లు నిండుగా పారుతున్నాయి. ధబేలుమన్న చప్పుడు, తరవాత "బాబాయ్" అన్న కేక, అంతే వినిపించింది.

నా వెనకే వస్తున్న దింపు కార్మికుడి దగ్గర చెట్టెక్కే తాడు ఉంది. ఒక కొస కొబ్బరి మొదలుకు చుట్టి ఇంకో కొస నీళ్లలోకి వేశాం. మంచులో మనిషి ఎక్కడున్నాడో తెలియదు. "తాడు అందిందా? ఎటున్నావ్? మాట్లాడుతూ ఉండు" అని అరుస్తూనే ఉన్నాం. ఆయన తేలుతున్న రెండు గెలల్ని సంకలో పెట్టుకుని గట్టు వారగా ఉన్న తుంగ పట్టుకున్నాడు. గెల తేలుతుంది, అదే ఆయన్ని కాపాడింది. పైకి లాగేసరికి చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి, అరచేతులు తుంగకు కోసుకుపోయాయి. మొదట అడిగిన మాట "గెలలు పోయాయా" అని. సైకిల్ మధ్యాహ్నం కొక్కెం వేస్తే దొరికింది. గెలలు కొన్ని దిగువన లాకు దగ్గర దొరికాయి. నీళ్లలో దెబ్బలు తిన్న గెలకు పాటలో రేటు రాదు. ఆ రోజు ఆయన పేరున చీటీ రాసింది నేనే. ఎంత రాశానో ఇక్కడ చెప్పను. కౌలుకు చేసే మనిషి, పండగ ముందు.

ఆ తూము మీద మూరెడు ఎత్తు పిట్టగోడ, దానికి తెల్ల సున్నం, రాత్రి లైటుకు మెరిసే రెండు బిళ్లలు ఉంటే ఆయన పడేవాడు కాదు. మా దారిలో అలాంటి తూములు ఎక్కడెక్కడున్నాయో ఇటు తిరిగే ప్రతి ఒక్కరికీ తెలుసు. మేమే రెండుచోట్ల కర్రలు పాతి పాత తెల్ల గోనె సంచులు కట్టాం. గాలికి చిరిగిపోతే మళ్లీ కడుతున్నాం.

మిగతా ఇబ్బందులు చిన్నవి, సర్దుకుపోతాం. గేదెను గట్టుకు ఒక పక్క కట్టేస్తే అది రెండో పక్కకు పోయి మేస్తుంది, మధ్యలో తాడు మోకాలి ఎత్తున బిగుసుకుని ఉంటుంది. చీకట్లో తాడు కనిపించదు, గేదె కళ్లు మెరిస్తే ఆగాలి. కుక్కలు తరిమితే దిగి నడిస్తే చాలు, వాటంతట అవే మానేస్తాయి. కాలువలోంచి తీసిన గుర్రపు డెక్క కుప్పలు మాత్రం ప్రమాదం. పైకి ఎండి గడ్డిమేటులా కనిపిస్తుంది, లోపల కుళ్లు నీళ్లు. చక్రం దిగబడితే మనిషి ముందుకు పడతాడు.

అలాంటప్పుడు తారు రోడ్డు మీదే పోవచ్చు కదా అనేవారికి ఏప్రిల్, మే నెలల సంగతి చెప్పాలి. అప్పుడు తారు రోడ్డు సగం ధాన్యానిదే. రైతును నేను తప్పుపట్టను. తేమ ఎక్కువుంటే కొనరు, ఆరబెట్టుకోవడానికి కళ్లాలు లేవు, ఉన్నచోట్ల ఇళ్లు లేచాయి. పోగు మీదికి బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. ధాన్యం ఎత్తుకెళ్లాక రాళ్లు అక్కడే ఉండిపోతాయి. కారు లైటుకు అవి కనిపిస్తాయి, డైనమో లైటుకు కనిపించవు. పోయిన వేసవిలో ఒక పాలబ్బాయి రాయి మీదకెక్కించి పడ్డాడు. రిమ్ము వంకర పోయింది, పాలన్నీ నేలపాలు. చేతికి కట్టుతో నెల రోజులు ఇంట్లో ఉన్నాడు. రైతు సోదరులకు నా మనవి ఒకటే, ధాన్యం ఎత్తిన చేత్తోనే రాళ్లు కూడా రోడ్డు దించండి.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెప్పింది. సైకిళ్ల మీద పోయేవాళ్లు, నడిచిపోయేవాళ్లు కూడా అందులో ఉన్నారు. సైకిల్ పాతకాలపు బండి, ఇప్పుడెవరు తొక్కుతున్నారు అని చాలామంది అనుకుంటారు. 2011 జనాభా లెక్కల్లో నూటికి సుమారు 45 ఇళ్లలో సైకిల్ ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 138వ సెక్షన్‌లో కొత్త ఉపసెక్షన్ చేర్చి, ఇంజను లేని బండ్ల గురించీ పాదచారుల గురించీ రోడ్డు భద్రత కోసం రాష్ట్ర ప్రభుత్వాలు నియమాలు చేయవచ్చని రాశారు. అంటే మేం కూడా రోడ్డు మీద ఉన్నామని చట్టం గుర్తించింది. హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి, పైన సోలార్ పలకలతో కప్పు కూడా వేశారు. 2023లో అది మొదలైనప్పుడు టీవీలో చూసి నిజంగా సంతోషించాను. మాకు కప్పు అవసరం లేదు, కొబ్బరి చెట్ల నీడ ఉంది. కింద నేల గట్టిగా ఉంటే చాలు.

ఇంకో భయం కూడా చెప్పాలి. గట్టు బాగుచేయండి అంటే వెంటనే తారు వేస్తాం అంటారు. వద్దు. దయచేసి వద్దు. మా పక్క ఊళ్లో ఒక గట్టుకు అలాగే తారు వేశారు. ఆర్నెల్లు బాగుంది. తరవాత మట్టి టిప్పర్లు దగ్గర దారి అని అటు తిరగడం మొదలెట్టాయి. గట్టు బరువు తట్టుకోలేదు, కాలువ వైపు జారింది, తారు పెళ్లలు లేచాయి. ఇప్పుడది సైకిల్‌కూ పనికిరాదు, బండికీ పనికిరాదు. సార్వా, అంటే మొదటి పంట నీళ్లప్పుడు గట్టు తెగుతుందేమోనని ఆ ఊరి రైతులు రాత్రిళ్లు కాపలా ఉన్నారు. అవతలి గట్టు మొదట్లోనూ చివర్లోనూ రెండేసి సిమెంటు దిమ్మలు పాతితే టిప్పర్ దూరదు, సైకిల్ దూరుతుంది. అవసరమైతే తీయగలిగే దిమ్మ ఒకటి పెట్టి దాని తాళం లస్కరు దగ్గర ఉంచితే, కాలువ పనులకు ట్రాక్టర్ కూడా పోవచ్చు.

లస్కరు అన్నాను కదా, ఒకప్పుడు గట్టు బాగోగులు ఆయనే చూసేవాడు. పందికొక్కు బొక్క కనిపిస్తే పూడ్చేవాడు, తూము దగ్గర మట్టి కోసుకుపోతే పై అధికారికి చెప్పేవాడు. పిల్లలు జారిపడితే చేయి అందించేవాడు. నా చిన్నప్పుడు మా గట్టు మీద తిరిగిన లస్కరు కూడా సైకిల్ మీదే తిరిగేవాడు. రోజూ తన చక్రం కింద నలిగే దారి కాబట్టి దాని సంగతి ఆయనకు తెలిసేది. ఇప్పుడు ఒక్కరే చాలా దూరం చూసుకోవాల్సి వస్తోంది. ఖాళీలు నింపితే మా కష్టాల్లో సగం వాటంతట అవే తీరతాయని నా నమ్మకం.

2024 డిసెంబర్‌లో సాగునీటి వినియోగదారుల సంఘాలకు, అంటే నీటి సంఘాలకు, ఎన్నికలు జరిగాయి. గెలిచినవాళ్లు ఎక్కడో లేరు, మా ఊళ్లవాళ్లే, చాలామంది చిన్నప్పుడు ఈ గట్టు మీద బడికి పోయినవాళ్లే. క్లోజర్ పనుల మాట వచ్చినప్పుడు పూడిక లెక్కతో పాటు గట్టు మీది బారెడు దారిని కూడా ప్రతిపాదనలో రాయించమని వారిని అడుగుతున్నాను. వేసవిలో ఉపాధి పనులు ఎలాగూ జరుగుతాయి, ఈ గట్టు పనికి మా ఊరివాళ్లనే పెట్టండి. రేపు దాని మీద తిరిగేది వాళ్లూ వాళ్ల పిల్లలే కాబట్టి పని గట్టిగా చేస్తారు. ఇంజినీరు గారికి ఒక విన్నపం. జీపులో తారు గట్టు మీద నుంచి చూస్తే అవతలి గట్టు పచ్చగా అందంగానే కనిపిస్తుంది. ఒక్క తెల్లవారుజామున అటువైపు నడిచి రండి. మీతో పాటు మేం వస్తాం, ఏ తూము దగ్గర ఏం కావాలో చేత్తో చూపిస్తాం. సైకిల్ కావాలంటే అదీ తెస్తాం.

కాలువలు కట్టేయడానికి ఇంక ఎన్నో రోజులు లేవు. మంజూరైన పనుల జాబితాను ప్రతి ఊరి సచివాలయం బోర్డు మీద అతికించాలని కోరుతున్నాను. మా గట్టు పేరు అందులో ఉంటే గ్రావెల్ దిగే రోజున పారలు పట్టుకుని మేమూ వస్తాం. లేకపోతే ఎందుకు లేదో అడగడానికి గెలల సైకిళ్లవాళ్లం, పాలవాళ్లం, పిల్లల తల్లిదండ్రులం అందరం కలిసి నీటి సంఘం సమావేశానికి వెళ్తాం.

ఇట్లు,
అరటి యార్డు గుమస్తా,
ఆత్రేయపురం మండలం, కోనసీమ జిల్లా.